ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ: ఇంటివాళ్లకూ శిక్షణ ఇప్పించండి

అయ్యా,

బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌కు (ఉద్వేగాలు అదుపు తప్పడం, అయినవాళ్లు వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక సమస్య) ప్రధాన చికిత్స మందులు కాదు, థెరపీ. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ) అయితే వారానికో వ్యక్తిగత సెషన్, వారానికో గ్రూపు క్లాసు, మామూలుగా ఏడాది పాటు. మిగతా గంటలన్నీ ఇంటివాళ్లవే. వాళ్లకు నేర్పేదెవరు?

ఉద్వేగం పొంగినప్పుడు తర్కం చెల్లదు. "ఇంత చిన్నదానికా?" అంటే గొడవ రెట్టింపే. ముందు "వదిలేస్తానేమోనని భయమేసింది కదూ" అనాలి. భావాన్ని గుర్తించడమంటే ఆరోపణను ఒప్పుకోవడం కాదు (ఇక్కడే చాలామంది తడబడతారు). హద్దులు శాంతించాకే చెప్పాలి, చెప్పాక మార్చకూడదు. ఓసారి బిగించి ఓసారి వదిలేస్తే, అరిస్తేనే పని జరుగుతుందన్నది అలవాటవుతుంది. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. మాత్రలు తాళంలో ఉంచాలి.

డిశ్చార్జికి ముందే ఇవి నేర్పి, అత్యవసర ప్రణాళిక కాగితం మీద రాసి ఇచ్చేలా ఆసుపత్రులకు ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
సంరక్షకులు, మానసిక ఆరోగ్య కార్యకర్తలు