ఆచార్యులకు తెరుచుకోని తలుపు

సంపాదకులకు నమస్కారం.

హైకోర్టు న్యాయమూర్తులు, న్యాయవాదులతోపాటు విశిష్ట న్యాయకోవిదులను కూడా సుప్రీంకోర్టు న్యాయమూర్తులుగా నియమించవచ్చని రాజ్యాంగంలోని 124వ అధికరణం మూడో క్లాజు చెబుతున్నా, 1950 నుంచి ఆ మార్గంలో ఒక్క న్యాయశాస్త్ర ఆచార్యుడికీ అవకాశం దక్కకపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది. హైకోర్టుల విషయంలో 42వ సవరణ కల్పించిన ఇటువంటి వీలును 44వ సవరణ తొలగించింది.

తరగతి గదిలో పుట్టిన ఆలోచన దేశ గతిని మార్చగలదనడానికి, జర్మన్ ఆచార్యుడు డీట్రిష్ కాన్రాడ్ 1965లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగమే నిదర్శనం. రాజ్యాంగ సవరణ అధికారానికి అంతర్లీన పరిమితులు ఉంటాయన్న ఆయన వాదనను న్యాయవాది ఎం.కె. నంబియార్ గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ముందుంచారు. అదే వాదన 1973 నాటి కేశవానంద భారతి తీర్పులో, రాజ్యాంగ మూల లక్షణాలను పార్లమెంటు సవరణతో కూడా దెబ్బతీయలేదనే మౌలిక స్వరూప సిద్ధాంతానికి బాట వేసింది. పాఠం చెప్పేవారికి కోర్టు అనుభవం ఉండదనే అభ్యంతరం దీని ముందు నిలవదని నా దృఢమైన అభిప్రాయం.

జీవితమంతా రాజ్యాంగాన్నే అధ్యయనం చేసినవారిని పదవీ విరమణ రోజున శాలువా కప్పి పంపేయడం సరికాదు. ఉస్మానియా న్యాయ కళాశాల, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న మన నగరంలోని న్యాయ అధ్యాపకులు, బార్ అసోసియేషన్లు కలిసి ఈ క్లాజును అమలు చేయాలని, న్యాయమూర్తుల పేర్లను సిఫారసు చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియాన్ని, కేంద్ర ప్రభుత్వాన్ని కోరాలి.

– ఒక న్యాయశాస్త్ర పట్టభద్రుడు, తార్నాక, హైదరాబాద్