కూర్చుని చేసే పని నిలబడి చేసే పని ఎలా అయింది?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో ఒక బట్టల షాపులో 19 ఏళ్ళుగా పని చేస్తున్నాను. పట్టుచీరల సెక్షన్. నా వయసు 47. ఇప్పటికీ నేను సేల్స్‌గర్లే. పక్క కౌంటర్‌లో పాతికేళ్ళ పిల్లాడు మాత్రం సేల్స్‌మేన్!

మా అమ్మాయి ఎంబీఏ చదువుతోంది. మొన్న రాత్రి నా పిక్కలకు కొబ్బరినూనె రాస్తూ తన పాఠం ఒకటి చెప్పింది. జోన్ ఆకర్ అని అమెరికాలో ఒక సోషియాలజీ ప్రొఫెసరు, 1990లో రాశారట. 'ఉద్యోగి' అన్న మాటకు ఆడా మగా లేనట్టే ఉంటుంది గానీ, పనిగంటలూ రూల్సూ పెట్టేవాళ్ళు లెక్కలోకి తీసుకునేది మగమనిషినేనట. అతనికి నెలసరి రాదు, కాన్పు ఉండదు, ఇంట్లో వండిపెట్టడానికి వేరే మనిషి ఉంటుంది.

వింటుంటే మా షాపే గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో అక్కడ పరుపులూ, వాటిమీద తెల్ల దుప్పట్లూ ఉండేవి. పెద్ద గుమాస్తాలు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర మడత విప్పి కొంగు పరిచి చూపించేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. మేం బీరువాల్లోంచి స్టాకు అందించేవాళ్ళం. షోరూము కట్టాక కౌంటర్లొచ్చాయి, చీరలు చూపించే పని మాకొచ్చింది. కూర్చోవడం మాత్రం పోయింది. అదేమంటే, నిలబడితేనే కస్టమర్‌కి మర్యాద అంటారు. మరి ఆ గుమాస్తాలు అన్నేళ్ళూ అమర్యాదగా అమ్మారా? ఇప్పుడు కుర్చీ ఉన్నది క్యాష్ కౌంటర్‌లో ఒక్కచోటే. అక్కడ కూర్చునేదీ మగవాళ్ళే.

ఉదయం పదింటికెక్కితే రాత్రి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం బేరాల్లేని వేళ కాస్త ర్యాక్‌కి ఆనుకున్నామా, కెమెరాలో చూసి మైకులో పేరు పిలుస్తారు. బాత్రూము పై అంతస్తులో ఉందని నీళ్ళు తాగడమే తగ్గించేశాం. ఇంటికెళ్ళాక స్టవ్వు దగ్గరా నిలబడేదే అనుకోండి, అది వేరే సంగతి.

కేరళలో కోళికోడ్ షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది. 2021లో తమిళనాడు కూడా షాపుల్లో పనివాళ్ళకు సీట్లు వేయాలని చట్టం చేసింది. ఆడవాళ్ళకే కాదు, అందరికీ. అంటే మా పక్క కౌంటర్ పిల్లాడి లాంటి వాళ్ళకు కూడా.

శ్రావణమాసం రద్దీలో కార్మిక శాఖ వాళ్ళు ఒక సాయంత్రం బట్టల షాపులకు రావాలి. రిజిస్టర్లు తర్వాత చూడొచ్చు. ముందు కౌంటర్ల వెనక్కి వచ్చి, అక్కడ స్టూలైనా ఉందో లేదో రాసుకుని వెళ్ళమనండి.

నా పేరు వేయకండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు