మినీ ట్రాక్టరు తరలింపులో బరువే ముఖ్యం

సంపాదకుల వారికి,

ఆత్మకూరులో ట్రాలీలు తయారుచేసే వెల్డింగు షాపు నాది. పొదలకూరు వైపు నిమ్మతోటలకు మినీ ట్రాక్టర్లను జీపు వెనుక ట్రాలీ మీద తరలించే రైతులు నన్ను ముందుగా ధర అడుగుతారు. బరువు గురించి అడగరు. 20 హార్స్‌పవర్ ట్రాక్టరే సుమారు 800 కిలోలు ఉంటుంది. మట్టిని గుల్ల చేసే రోటవేటరు, ట్రాలీ బరువు కలిస్తే దాదాపు టన్నున్నర. అంత బరువును లాగే జీపు దాన్ని ఆపగలగాలి కూడా. బ్రేకులు లేని ట్రాలీని ఈ పనికి కొనవద్దనే చెబుతాను. మొత్తం బరువులో కనీసం పదో వంతు, జీపుకు ట్రాలీని తగిలించే కొక్కెం మీద పడేలా ట్రాక్టరును ముందుకు నిలపాలి. వెనక్కి ఉంటే వేగంలో ట్రాలీ అటూ ఇటూ ఊగిపోతుంది. తాళ్లు చాలవు, నాలుగు మూలలా గొలుసులు బిగించాలి. రవాణా అధికారులు సీజనుకు ముందే ఈ ట్రాలీలను తనిఖీ చేయాలని మనవి.

— ఒక ట్రాలీ తయారీదారు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా