మామ కూతురి సంబంధం గురించి అమ్మకు

కువైట్ సిటీ

అమ్మా,

ఫోన్‌లో అయితే మధ్యలో మామ అందుకుంటాడు, మాట ఎటో పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నా. నాయనకు చదివి వినిపించు, మామకు కూడా.

తమ్ముడికి మామ కూతుర్ని చేసుకోవాలంటే కడప బిషప్‌గారి నుంచి పర్మిషన్ రావాలని మన చర్చి ఫాదర్ అన్నందుకు మామకు కోపం వచ్చిందన్నావు. "మేనరికం తరతరాలుగా ఉండేదే, మధ్యలో ఈయనెవరు" అన్నాడట. అది ఫాదర్ సొంతంగా పెట్టిన షరతు కాదమ్మా. ఇక్కడ శుక్రవారం పూజ అయ్యాక ఒక తెలుగు ఫాదర్‌ని అడిగితే, మన కతోలిక శ్రీసభ చట్టం పుస్తకం తీసి 1091వ సూత్రం చూపించారు. లెక్క సులువే. అవ్వాతాతల్ని వదిలేసి వాళ్ల కిందివాళ్లను లెక్కపెట్టాలి. ఒక వైపు నువ్వు, తమ్ముడు. ఇంకో వైపు మామ, వాళ్ల పిల్ల. మొత్తం నలుగురు. నాలుగు దాకా ఎంత వచ్చినా, బిషప్‌గారు మినహాయింపు ఇస్తే తప్ప ఆ పెళ్లి చెల్లదు. మన ఊళ్లో అక్క కూతుర్ని చేసుకునేవాళ్లున్నారే, వాళ్లకు మూడే వస్తుంది, ఇంకా దగ్గర. తోబుట్టువులకు రెండు. ఆ రెండుకు మినహాయింపన్నదే లేదు.

ఇందులో నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. ఈ లెక్కన పెద్దమ్మ కొడుకు కూడా నాలుగే. మనకు పెద్దమ్మ కొడుకంటే అన్న, మామ కొడుకంటే బావ. అన్నతో పెళ్లి ఊసెత్తితే చెంప పగులుతుంది. చట్టానికి మాత్రం ఇద్దరూ ఒకటే, వరసలు దానికి పట్టవు. 1983లో ఇప్పటి చట్టం రాకముందు ఇంకా గట్టిగా ఉండేదట. తోడబుట్టిన ఇద్దరి మనవలు పెళ్లి చేసుకోవాలన్నా అనుమతి కావాల్సిందే. ఇప్పుడు వాళ్లకు అక్కర్లేదు.

అర్జీ మన ఫాదరే రాసి కడప మేత్రాసనానికి, అంటే బిషప్‌గారి ఆఫీసుకు, పంపుతారు. రోము దాకా పోయే పని లేదు. కాకపోతే సరైన కారణం చూపించాలి. మామిడి తోట బయటివాళ్ల పాలు కాకూడదన్న మాట మామ అక్కడ ఎత్తకుండా చూడు. అడిగిన ప్రతివాళ్లకూ ఇవ్వాలని కూడా లేదు, బిషప్‌గారు కాదనొచ్చు. కాబట్టి కాగితం చేతికొచ్చేదాకా కార్డులు వేయించొద్దు, తిరుపతిలో మండపానికి అడ్వాన్స్ కట్టొద్దు. ముహూర్తాల్లో మండపాలు దొరకవని మామ తొందరపెడతాడు. (చర్చిలో పెళ్లికి ముహూర్తమేమిటో ఆయన్నే అడుగు!) అనుమతి లేకుండా తాళి కడితే శ్రీసభ లెక్కలో అది పెళ్లే కాదు.

ఇదంతా కాగితాల పని, ఎట్లాగో అవుతుంది. నా టెన్షన్ ఆ పిల్ల గురించి. పోయిన క్రిస్మస్‌కు నేనొచ్చినప్పుడు తమ్ముడికి కాఫీ ఇస్తూ "అన్నా" అనబోయి, వాళ్లమ్మ చూసేసరికి "బావా" అని సర్దుకుంది. అందరం నవ్వాం గానీ ఆ పిల్ల నవ్వలేదు. పెళ్లికి ముందు ఫాదర్ ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఇష్టపడే చేసుకుంటున్నారా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడుగుతారు. భయపెట్టి ఒప్పించిన పెళ్లి ఏ బిషప్‌గారు పర్మిషన్ ఇచ్చినా చెల్లదు. ఆ ప్రశ్న పిల్ల ఆఫీసు గదిలో మొదటిసారి వినడం నాకిష్టం లేదు. అర్జీ పంపకముందే నువ్వు అడుగు. మామను అడగనివ్వొద్దు, ఆయన అడిగితే ఔననే అంటుంది. వంటింట్లో మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు. తమ్ముడి మనసులో ఏముందో నేను కనుక్కుంటా.

ఇంకొకటి. పొద్దున షుగర్ మాత్ర, ఇడ్లీ తీసుకుంటుంది కాబట్టి అవ్వ పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకుండా వెనక బెంచీలోనే కూర్చుంటోందన్నావు కదా. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్నది మనకు. నీళ్లకూ మందులకూ ఎవరికీ అడ్డు లేదు. ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు ఆ గంటలో తిన్నా తీసుకోవచ్చని 919వ సూత్రంలోనే ఉంది. అవ్వ చిన్నప్పుడు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదనేవాళ్లు, అదే మనసులో పెట్టుకుంది. నా మాట నమ్మకపోతే ఫాదర్ చేత చెప్పించు.

డబ్బులు ఐదో తారీఖున వేస్తా. అందులోంచి అవ్వకు చెప్పులు కొను.

ఉంటాను,
నీ పెద్ద కూతురు