ప్రగతికీ ఈపాస్‌కీ పెట్టేముందు

బిడ్డా,

మీ బీటెక్ కాలేజీ ఫీజు ఏడాదికి 85,000. నీది కన్వీనర్ కోటా సీటు, ఎప్‌సెట్ ర్యాంకు పదివేలు దాటింది. కాబట్టి బీసీల లెక్కన ఈపాస్ (తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) కింద వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000. మిగతా యాభై వేలు మనమే కట్టాలి. పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ పిల్లలకూ, ఎస్సీ ఎస్టీ పిల్లలకూ మొత్తం ఫీజు వస్తుంది గనక వాళ్లు ఇంకో దారి వెతకక్కర్లేదు. మనం వెతకాలి.

నీకు సరిగ్గా సరిపోయేది ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్. ఆడపిల్లలకే ఇస్తారు. ఏడాదికి 50,000 చొప్పున నాలుగేళ్లు, నేరుగా నీ ఖాతాలోకే వస్తుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు కాబట్టి రేపు చెల్లికీ అడ్డం కాదు. బీటెక్ వాళ్లను ఇంటర్ మార్కుల మీద ఎంపిక చేస్తారు. పెట్టుకోవాల్సింది మొదటి ఏడాదిలోనే. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లకైతే రెండో ఏడాదిలో. ఈ ఏడాది వదిలేస్తే నీకు మళ్లీ అవకాశం లేదు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు రెండు ఒకే ఏడాది తీసుకోవడం కుదరదు. అలాగని ప్రగతి మీద ఆశతో ఈపాస్ మానెయ్యకు. ప్రగతి జాబితా వచ్చేసరికి ఈపాస్ గడువు దాటిపోవచ్చు. ముందు ఈపాస్‌కి పెట్టు, ప్రగతికీ పెట్టు. ప్రగతిలో పేరు వస్తే ఏది ఉంచుకుంటున్నావో కాలేజీ ఆఫీసులో రాసివ్వు, ఆ కాగితం జిరాక్స్ నీ దగ్గర పెట్టుకో. నన్నడిగితే ప్రగతే మేలు. 35,000 బదులు 50,000 అని మాత్రమే కాదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడ్డప్పుడల్లా కాలేజీలు పిల్లల్నే ముందు కట్టమంటాయి, సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది పెడతాయి. డబ్బు నీ ఖాతాలోకొస్తే ఆ బాధ తప్పుతుంది.

అర్హత ఉండి కూడా డబ్బు రానివాళ్లను చూస్తే, చాలామందికి మార్కులు తక్కువై కాదు, కాగితాల్లో తేడాల వల్లే పోతుంది. అందుకని ఫారం తెరవకముందే పేరు సరిచూసుకో. ఈపాస్ నీ వివరాలను టెన్త్ హాల్‌టికెట్ నంబరుతో తీసుకుంటుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉన్నా, మధ్యలో ఒక అక్షరం తేడా ఉన్నా అక్కడే ఆగుతుంది. మార్చాల్సింది ఆధార్‌నే, మెమోని కాదు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. కాబట్టి సెంటర్లో ఆపరేటర్ టైపు చేశాక, సరే అనేముందు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం మెమో పక్కన పెట్టి చదువుకో.

రెండోది బ్యాంకు ఖాతా. దీన్ని కొంచెం నిదానంగా చదువు. ఖాతాకు ఆధార్ లింకై ఉండటం వేరు, స్కాలర్‌షిప్ పడేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ అయి ఉండటం వేరు. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఇచ్చాం గదా అని ఊరుకుంటే సరిపోదు. ఒక ఆధార్‌కు ఒకే ఖాతా మ్యాప్ అవుతుంది. ఎన్ని ఖాతాలున్నా చివరగా సీడింగ్ (అంటే ఈ మ్యాపింగే) చేసినదాంట్లోకే డబ్బు పోతుంది, ఫారంలో నువ్వు ఏ నంబరు రాసినా సరే. 2017లో సిమ్ కోసం వేలిముద్ర వేసినవాళ్ల గ్యాస్ సబ్సిడీ, వాళ్లకు తెలియకుండా తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లో పడిందీ ఇలాగే. మైఆధార్ సైట్లో ఓటీపీతో లోపలికి వెళ్తే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. బ్యాంకు పేరు, యాక్టివా కాదా, ఎప్పుడు సీడ్ అయిందో చూపిస్తుంది. మన ఊరి బ్యాంకు పేరు కాక వేరేది కనిపిస్తే బ్రాంచికి వెళ్లి డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం సీడింగ్ చెయ్యమని కన్సెంట్ ఫారం ఇవ్వాలి. రెండేళ్లు ఏ లావాదేవీ లేని ఖాతా పనిచెయ్యదు, అప్పుడప్పుడూ వందో రెండొందలో వేస్తూ తీస్తూ ఉండు. హాస్టల్ దగ్గర ఎవరైనా జీరో బ్యాలెన్స్ ఖాతా అంటూ వేలిముద్ర అడిగితే వద్దను.

ఇన్‌కమ్ సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటా. ఈపాస్‌లో బీసీలకు పల్లెలో 1,50,000, పట్టణంలో 2,00,000 దాటకూడదు. మనది పల్లె లెక్క. రేషన్‌కార్డు, ఆధార్ పెట్టి మీసేవలో దరఖాస్తు ఇస్తే ఆర్‌ఐ విచారించాకే తహసీల్దార్ ఇస్తారు, కాబట్టి వారం పైనే పట్టొచ్చు. ప్రగతికీ అదే ఆదాయం చూపించాలి. రెండుచోట్ల రెండు అంకెలుంటే అనుమానపడతారు.

ఈపాస్ ఆన్‌లైన్‌లో పెట్టడంతో పని అయిపోయిందనుకోకు. మీసేవలో వేలిముద్ర వెయ్యాలి, ప్రింటుతో పాటు జిరాక్సులన్నీ కాలేజీలో ఇవ్వాలి. ప్రగతి అయితే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి, ముఖం స్కాన్ ఉంటుంది. కాలేజీని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త తల్లీ. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి. పేరు చూసి కాకుండా ఆఫీసులో కోడ్ అడిగి ఎంచుకో. తప్పు కాలేజీకి పోయిన దరఖాస్తును అక్కడ ఎవరూ వెరిఫై చెయ్యరు, గడువు దాకా పెండింగ్‌లోనే ఉంటుంది. స్టేటస్ వారానికోసారి చూడు. డిఫెక్టివ్ అని వస్తే భయపడకు, అది తిరస్కరించడం కాదు. ఏం తప్పో అక్కడే రాస్తారు. సరిచేసి మళ్లీ పంపి, కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ ఆఫీసర్‌ని కలిసి గడువులోగా మళ్లీ వెరిఫై చేయించుకోవాలి. రెండోసారి కొత్త దరఖాస్తు మాత్రం పెట్టకు, డూప్లికేట్ అని రెండూ పోతాయి. ఈ రెండు పోర్టళ్లలోనూ దరఖాస్తుకు ఫీజు లేదు. మంజూరు చేయిస్తామని డబ్బో ఓటీపీయో అడిగినవాళ్లతో మాట్లాడొద్దు.

రిలయన్స్ ఫౌండేషన్ వాళ్ల డిగ్రీ స్కాలర్‌షిప్ కూడా మొదటి ఏడాది వాళ్లకే. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది, కోర్సు మొత్తానికి రెండు లక్షల దాకా ఇస్తారు. గడువు ఇంకా ఉంటే దానికీ పెట్టి పరీక్ష రాసెయ్.

మీ చిన్నమ్మ కొడుకు బీఎస్సీలో చేరాడు గదా, వాడికో మాట చెప్పు. వాడు ఇంటర్ బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో (అంటే మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో) ఉంటే కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు. దాంతోపాటు రీయింబర్స్‌మెంట్ రాదు. వాళ్ల కాలేజీ ఫీజెంతో చూసి ఏది ఎక్కువైతే అది పట్టుకోమను.

ఒకసారి వచ్చింది గదా అని పై ఏడాది ఊరుకోకూడదు. ఈపాస్ అయినా ప్రగతి అయినా ఏటా రెన్యువల్ చేసుకోవాలి. హాజరు 75 శాతం తగ్గితే ఈపాస్ ఆగుతుంది, పై ఏడాదికి ప్రమోట్ కాకపోతే ప్రగతి పోతుంది. ఒంట్లో బాగాలేక క్లాసులు పోతే మెడికల్ సర్టిఫికెట్ అప్పుడే ఆఫీసులో ఇచ్చేయ్.

సోమవారం నేను మీసేవకు వెళ్తున్నా. ఈలోపు నువ్వు సీడింగ్ స్టేటస్ స్క్రీన్‌షాట్, టెన్త్ మెమో, ఆధార్ మూడూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. పేరులో తేడా ఉంటే ఆదివారం వచ్చెయ్, ఇద్దరం ఆధార్ సెంటర్‌కు వెళ్దాం.

నాన్న