పెద్ద తెరపై చూసి మురిసిపోతే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఒక ప్రభుత్వ శాఖ తన వెబ్‌సైటును సరికొత్తగా తీర్చిదిద్దిందని, ఇక ప్రజలు కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదని గత వారం మీ నగర పేజీలో వార్త వచ్చింది. ప్రారంభోత్సవం ఫొటోలో గోడకు బిగించిన పెద్ద తెరపై ఆ పేజీ ఎంతో నిండుగా ఉంది. చిక్కడపల్లిలో ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్న నాకు అదే పేజీ మామూలు మనుషుల తెరలపై ఎలా ఉంటుందో రోజూ కనిపిస్తోంది కనుక ఈ లేఖ రాయక తప్పలేదు.

దరఖాస్తు ఫారం వెడల్పును పెద్ద మానిటర్‌ను బట్టి పిక్సెళ్లనే తెర కొలతల్లో బిగించేశారు. 1920 పిక్సెళ్ల తెరపై దానికి లోటేమీ లేదు. 1366 వెడల్పు, 768 ఎత్తు (1366×768) ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం కుడివైపు గడులు తెర దాటిపోతాయి. ఆ ల్యాప్‌టాప్‌లోనూ, అంతే ఎత్తున్న 1024×768 పాత మానిటర్‌పైనా చివర్లో తెరుచుకునే ధ్రువీకరణ పెట్టె ఎత్తు తెర కంటే ఎక్కువ, పైగా అది కిందికి జరగదు, కాబట్టి ‘సమర్పించు’ బటన్ అందదు, ఫారమంతా నింపినవారు అక్కడే ఆగిపోవాలి. ఫోన్‌లో పేజీ మొత్తం కుంచించుకుపోయి అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. వేళ్లతో పెద్దది చేస్తే గడి కనిపిస్తుంది గాని, ఎడమ పక్కన ఉన్న దాని పేరు తెర బయటికి పోతుంది. దరఖాస్తుదారు పేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు రాసి, అది తిరస్కరణకు గురయ్యాక మా దగ్గరికి వచ్చేవారు ఎందరో. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయన్న ధ్యాసే లేకుండా గడుల ఎత్తు పెట్టడంతో ‘లక్ష్మి’ అని కొడితే కింది వత్తు సగానికి తెగిపోతోంది. ఇక ముఖ్యమైన ప్రకటనలన్నీ కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన బొమ్మలే కనుక, ఫోన్‌లో ఒక్కో పంక్తికీ కుడికీ ఎడమకూ జరుపుకుంటూ చదవాలి.

ఇదేమిటని ఆ శాఖకు ఫోన్ చేసి అడిగితే “కంప్యూటర్‌లో చూసుకోండి” అన్నారు. ఈ రోజుల్లో ఫోన్లన్నీ 1080 పిక్సెళ్లవే కదా అని మరొకరు వాదించారు. ఆ అంకె తెర మీద ఉండే చుక్కలది. అక్షరాలు చదవగలిగే సైజులో ఉండాలి కాబట్టి బ్రౌజరు అలాంటి తెరను సాధారణంగా 360 పిక్సెళ్ల వెడల్పుగానే లెక్కిస్తుంది. ఈ తేడా తెలియని వారే పని అప్పగిస్తున్నారు, వారే పూర్తయిందని సంతకం పెడుతున్నారు.

“ఈ పేజీని 800×600లో చూడండి” అని అడుగున రాసుకున్న కాలం ఒకటి ఉండేది. అప్పట్లో వేరే దారి పెద్దగా లేదు కనుక ఎవరూ తప్పు పట్టలేదు. 2007లో వచ్చిన ఐఫోన్ మామూలు పేజీలను 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి తన చిన్న తెరకు కుదించేది. పేజీ కోడ్ మొదట్లో వ్యూపోర్ట్ (పేజీ కనిపించే తెర భాగం) గురించి ఒక్క వరుస రాస్తే కుదించకుండా తన సొంత వెడల్పుకే సర్దేది. తెర వెడల్పును బట్టి గడులు, బొమ్మలు సర్దుకునే పద్ధతికి వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టారు. దానికి కావలసిన మీడియా క్వెరీలు (తెరను బట్టి అమరిక మార్చే కోడ్ నియమాలు) 2012లోనే ప్రమాణంగా ఖాయమయ్యాయి. అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ నేర్చుకునే పిల్లలకు కూడా తెలిసిన సంగతులివి. అయినా కొత్తది అని చెబుతున్న ఈ పేజీ కోడ్ తెరిచి చూస్తే ఆ వ్యూపోర్ట్ వరుసే లేదు.

నియమాలు లేవా అంటే అవీ ఉన్నాయి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, 2023లో మూడో కూర్పు వెలువడింది. ఆ మూడో కూర్పు ఆధారంగా తీసుకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పాఠ్యాన్ని పక్కకు జరపకుండా చదవగలగాలి. ఇది ఫోన్లకే పరిమితమైన మాట కాదు. చూపు మందగించిన పెద్దాయన 1280 పిక్సెళ్ల మానిటర్‌పై అక్షరాలను నాలుగింతలు చేసుకుంటే ఆయనకు మిగిలేదీ ఆ 320 పిక్సెళ్లే. టెండరు పత్రాల్లో ఇవన్నీ రాస్తారు. తీరా పని చేతికొచ్చాక పెద్ద తెరపై ఒకసారి చూసి, రిబ్బను కత్తిరించి, బిల్లు మంజూరు చేస్తారు. కొత్త రోడ్డు వేసినప్పుడు జరిగేదీ ఇదే, కొత్త వెబ్‌సైటు పెట్టినప్పుడు జరిగేదీ ఇదే. ప్రారంభించిన మర్నాడు అది ఎలా ఉందో చూడటానికి ఎవరూ రారు.

దీనివల్ల మా సెంటర్‌కు గిరాకీ పెరిగిన మాట నిజం. కానీ చేతిలో ఫోన్ ఉండి, చదువు వచ్చి, ఇంట్లో కూర్చొని చేసుకోగలిగిన పనికి కూలివాళ్లు, వృద్ధులు ఒక పూట పోగొట్టుకొని మాకు డబ్బిచ్చి చేయించుకోవడం చూస్తుంటే బాధగా ఉంది.

ఆ శాఖ వెంటనే ఈ పేజీని చవక ఫోన్‌పైనా, పాత మానిటర్‌పైనా, అక్షరాలను పెద్దవి చేసీ పరీక్షించాలి. ఫారం మొదలుపెట్టి రసీదు చేతికి వచ్చేదాకా, తయారుచేసినవారు కాకుండా బయటివారు పూర్తిచేసి చూడాలి. లోపాలు సరిదిద్దేవరకు తుది బిల్లు ఆపాలి. ప్రారంభోత్సవ వార్తను అంత ప్రముఖంగా వేసిన మీ పత్రిక, ఆ పరీక్ష ఎప్పుడు జరిగిందో, ఏం తేలిందో కూడా అధికారులను అడిగి అదే పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటరు నిర్వాహకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్