సైకిల్ చైను నా పరువు తీసింది

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసు సంగతి మామూలే. అవన్నీ తర్వాత, ముందు ఇది విను.

ఐఈఎల్‌టీఎస్ (అదే, ఆ ఇంగ్లీషు పరీక్ష) రాస్తున్నానని చెప్పాగా. నిన్న రైటింగ్‌కి మాక్ టెస్ట్. గంటలో రెండు టాస్కులు: మొదటిదానికి కనీసం 150 పదాలు, రెండోదానికి 250. మొదటిది 20 నిమిషాల్లో ముగించమని ప్రశ్నలోనే ఉంటుంది, రెండోదానికేమో మార్కుల్లో రెట్టింపు బరువు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

మొదటి టాస్కులో బార్ చార్ట్. మూడు దేశాల్లో ఎంతమంది సైకిల్ మీద ఆఫీసుకెళ్తున్నారు, ఎంతమంది బస్సెక్కుతున్నారు అని. ఒక దేశంలో సైకిళ్ల బార్ సగానికి పడిపోయింది. చూడగానే మన సైకిలే గుర్తొచ్చింది రా! (నవ్వకు. ఆ చైను కథ ఇంకెవరికీ చెప్పలేదు, ఒట్టు.) ఇక పెన్ను ఆగితేనా! జనానికి బద్ధకం పెరిగిందన్నా, వానలన్నా, చైన్లు ఊడుతున్నాయని కూడా రాసేశా. టైం చూస్తే 38 నిమిషాలు.

మిగిలింది 22. ప్రశ్న, పిల్లలకి హోంవర్క్ ఉండాలా వద్దా అని. అప్పుడు నా బ్రహ్మాస్త్రం తీశా: బట్టీ పట్టిన 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా'. ఏ ప్రశ్నకైనా అతికే 60 పదాలు! ముగింపు రాయకుండానే అలారం మోగింది.

మేడం దిద్దారు. నా కారణాలన్నీ పెన్సిల్‌తో కొట్టేసి, "ఇది చార్టులో ఎక్కడుందో చూపించు" అన్నారు. ఏం చూపించను, మన సైకిల్ చైనా? ఉన్న అంకెలే చెప్పాలి, సొంత పైత్యం కాదు. మొత్తం మీద ఏం కనిపిస్తోందో చెప్పే ఓవర్‌వ్యూ అయితే అసలు రాయనే లేదు.

రెండోదాంట్లో బట్టీ ముక్క చుట్టూ గీత గీసి, మిగతాది నన్నే లెక్కపెట్టమన్నారు. 171. "నువ్వు రాసింది ఇంతే." అది కలిపినా 231, ఇంకా 19 తక్కువే! చెవులు వేడెక్కిపోయాయి. అదైనా పర్లేదు గానీ, "ఇంతకీ హోంవర్క్ ఉండాలంటావా, వద్దంటావా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు రా. ఒకవైపు అని అర పేజీ, మరోవైపు అని అర పేజీ. అచ్చం మన 'చూద్దాంలే' గారే!

రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ఇంగ్లీషు రాకనా, ఆలోచించడం రాకనా అని... సరే వదిలెయ్.

పొద్దున రెండో టాస్కే ముందు రాశా, దేన్ని ముందు రాసినా పర్లేదట. అయిదు నిమిషాలు ఏమీ రాయకుండా, హోంవర్క్ ఉండాలా వద్దా అని తేల్చుకుని, ఆ తర్వాతే మొదలెట్టా. వద్దన్నా. 263 పదాలు, అన్నీ నావే. అందులో 'బికాజ్' ఏడుసార్లు వచ్చిందనుకో.

నువ్వేమంటావు? ఉండాలా? నీ కారణాలు రెండు రాసి పంపు, వాటి మీద నేను... అయ్యో, మేడం ఫోన్. పొద్దున నేను రాసింది చూసినట్టున్నారు. ఉంటా.

నీ
చైను